డెల్టా నేల మీద యుద్ధం: గెలిపించేది తేలే ట్యాంకా, నడిచే జవానా?

వైనతేయ తీరం (అమలాపురం):
డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో పాకిస్తాన్‌తో జరిగిన 1971 యుద్ధం మళ్లీ మొదలవుతుంది. తూర్పు బెంగాల్‌లో (నేటి బంగ్లాదేశ్) మనల్ని గెలిపించింది నీళ్లలో తేలే పీటీ-76 ట్యాంకులేనని మా బావగారు, భుజాన ఎస్‌ఎల్‌ఆర్ తుపాకీ వేసుకుని బురదలో నడిచిన పదాతిదళమేనని నేను. అక్కడి నేల కూడా మన కోనసీమ లాంటిదే: ఏటి పాయలు, వరిచేలు, అడుగడుగునా కాలువలు. కాబట్టి ఈ విషయం మనవాళ్లకే బాగా తెలియాలి. ఏమంటారు?

దమ్ము చక్రం (మండపేట):
మీ బావగారి పక్షమే నాది. ట్యాంకు అనగానే చేలో కూరుకుపోతుందని అందరూ అనుకుంటారు. మామూలు ట్యాంకు టీ-55 బరువు 36 టన్నులు, పీటీ-76 బరువు 14 టన్నులే. ఆ బరువు వెడల్పైన గొలుసుల మీద పరుచుకుంటుంది కాబట్టి చదరపు సెంటీమీటరు నేల మీద సుమారు అర కిలో పడుతుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు ఎందుకు తగిలిస్తామో తెలిసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైగా నీళ్లలో దిగితే వెనక నుంచి నీటిని చిమ్ముకుంటూ గంటకు 10 కిలోమీటర్లు ఈదుతుంది. తూర్పు బెంగాల్ సరిహద్దులోని గరీబ్‌పూర్ సంగతి చూడండి. 1971 నవంబరు 21 తెల్లవారుజామున, మంచులో, 45 కావల్రీ దళానికి చెందిన 14 పీటీ-76లు పాకిస్తాన్ వారి చాఫీ అనే తేలికపాటి ట్యాంకుల దాడిని విరగ్గొట్టాయి. యుద్ధం ప్రకటించకముందే ఆ రంగంలో వారి ట్యాంకు బలం తుడిచిపెట్టుకుపోయింది.

పాత సిపాయి (తణుకు):
గరీబ్‌పూర్‌లో ట్యాంకులు ఒంటరిగా నిలబడలేదండి. 14 పంజాబ్ పటాలం అక్కడ కందకాలు తవ్వుకుని కూర్చుంది. అయినా ఆ బండి తేలడానికి ఇచ్చిన మూల్యం ఏమిటో మీరు చెప్పలేదు. నీళ్ల మీద నిలవాలంటే ఒళ్లు పెద్దదిగా, ఉక్కు పలచగా ఉండాలి. పక్కల కవచం ఎంత పలచనంటే భారీ మెషిన్‌గన్ తూటా దూరిపోతుంది. ఆ ట్యాంకు దళాన్ని నడిపిన మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ అక్కడే ప్రాణాలు విడిచారు.

ఇక ఆయుధాల మాట. 1962లో చైనా ముందు మనవాళ్లు .303 బోల్టు తుపాకులతో నిలబడ్డారు. ప్రతి తూటాకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. 1971 నాటికి చేతిలో ఇషాపూర్ ఫ్యాక్టరీ 7.62 ఎస్‌ఎల్‌ఆర్ ఉంది. మ్యాగజైనులో 20 తూటాలు, మీట నొక్కిన ప్రతిసారీ ఒకటి. బరువు నాలుగు కిలోలు దాటుతుంది, నిజమే, కానీ నడుం లోతు నీళ్లలో తల మీద ఎత్తుకుని పంట బోదె దాటవచ్చు. అదే యుద్ధంలో, తూర్పు బెంగాల్‌లోని గంగాసాగర్‌లో లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా బంకరులోకి దూకి బయొనెట్టుతో మెషిన్‌గన్‌ను ఆపారు. ఆ తర్వాత మేడ మీది రెండో మెషిన్‌గన్ మీదికి గ్రెనేడు విసిరి, అయినా అది ఆగకపోతే గోడెక్కి లోపలికి దూరి బయొనెట్టుతోనే ఆపారు. ఏ ట్యాంకు చేయగలదు ఆ పని?

దమ్ము చక్రం:
ఏ ట్యాంకైనా చేయగలదు! 76 మిల్లీమీటర్ల గుండు బంకరు కన్నంలోకి కొట్టడానికే కదా ఉన్నది. ఫిరంగి చేయాల్సిన పనిని ఒక మనిషి తన ప్రాణం పెట్టి చేశాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు, బతికి అందుకోలేదు. అది పదాతిదళం గొప్పతనమనండి, చేతులెత్తి దండం పెడతాను. పదాతిదళం ఒక్కటే చాలు అనడానికి రుజువుగా మాత్రం చూపకండి.

నర్సాపురం రేవు:
ఇద్దరూ నది దాటేశాక మాట్లాడుతున్నారు. ముందు దాటడం ఎలాగో చెప్పండి. డిసెంబరు 9న అషుగంజ్ దగ్గర మేఘనా నది మీది రైలు వంతెనను పాకిస్తాన్ సేన పేల్చేసింది. మన సేనాని జనరల్ సగత్ సింగ్ జవాన్లను ఎంఐ-4 హెలికాప్టర్లలో అవతలి ఒడ్డుకు దించారు, మిగిలినవారు ఊళ్లవాళ్ల పడవలెక్కారు. మీ ఈత ట్యాంకులు? అరగంట ఈదేసరికి ఇంజన్లు వేడెక్కి ఆగిపోతుంటే నాటు పడవలే లాగాయి. మా గోదావరి రేవులో సఖినేటిపల్లి పంటు (బల్లకట్టు) మీద లారీలు దాటించిన సరంగుకు ఈ సంగతి ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

పాత సిపాయి:
ఇది నా పక్షానికే వస్తుంది.

నర్సాపురం రేవు:
ఎవరి పక్షానికీ రాదండి. నావ లేకపోతే మీ జవాను జేబులో ఉన్న తూటాలు ఎంతసేపు వస్తాయి?

వైనతేయ తీరం:
ఇప్పుడైతే ఈ తగవే లేదేమో. మెదక్‌లో తయారైన, నీళ్లలోనూ వెళ్లే కవచ వాహనం బీఎంపీ-2 ‘శరత్’లో ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు కూర్చుంటారు. పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి, క్షిపణి. గొలుసులు తిప్పుకుంటూ నీళ్లలో గంటకు 7 కిలోమీటర్లు వెళుతుంది. 2019 నవంబరులో అమెరికా వారితో కలిసి మన సేనలు సముద్రం నుంచి ఒడ్డుకు దిగే విన్యాసాలు చేసింది మన కాకినాడ తీరంలోనే.

దమ్ము చక్రం:
కాకినాడలో ఉన్నది వాలుగా సాగే ఇసుక. గోదావరి పాయలో దిగిన బండి అవతల ఏటిగట్టు ఎక్కాలి. నిటారు గట్టు, జిగురు మట్టి, కింద సగం బరువు ఇంకా నీళ్లలోనే తేలుతుంటుంది. గొలుసుకు పట్టు దొరకదు. మునగడం కన్నా ఇదే పెద్ద తంటా.

నర్సాపురం రేవు:
అందుకే ముందు ఇంజనీర్ల దళం వెళ్లి ఆ గట్టు కోసి దారి వేయాలి. ఇన్ని పోస్టుల్లో వాళ్ల పేరు ఒక్కరూ ఎత్తలేదు.