కోడ్‌లో కామెంట్లు తెలుగులో రాస్తే తప్పా? రివ్యూలో తీసేయమన్నారు

మునేరు_ఒడ్డు (చర్చ మొదలుపెట్టినది)

అందరికీ నమస్తే. మొన్న మా టీములో జరిగిన ఒక వాదన ఇక్కడ పెడుతున్నాను. ఏది సరైనదో నాకు నిజంగా తేలడం లేదు.

మేం ఏడుగురం, ఏడుగురమూ తెలుగువాళ్లమే. పంట రుణాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాం. రైతు పహాణీలో (భూమి రికార్డులో) ఉన్న విస్తీర్ణం తీసుకుని, ఎకరానికి ఇంత అని రుణం లెక్క కట్టాలి. తెలంగాణ రికార్డులో 2.35 అని ఉంటే అది రెండెకరాల ముప్పై అయిదు గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అసలు విస్తీర్ణం 2.875 ఎకరాలు. మా పాత కోడ్ దాన్ని మామూలు దశాంశంగా చదివేసింది. అంటే ఆ రైతుకు 21 గుంటల మీద రావాల్సిన రుణం లెక్కలోకే రాలేదు. రెండు సర్వే నంబర్లు కలిపితే ఇంకా ఘోరం. 1.25కి 1.25 కలిపి 2.50 చూపించేది. రావాల్సింది 3.10.

అది సరిచేసి, ఆ లెక్క చేసే ఫంక్షన్ పైన కామెంట్, అంటే కోడ్ చదివేవాళ్ల కోసం రాసే వివరణ, ఇలా రాశాను:

"ఇది దశాంశం కాదు. చుక్కకు ముందు ఎకరాలు, తర్వాత గుంటలు. గుంటలు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే రికార్డే తప్పు, లెక్క కట్టకుండా వెనక్కి పంపాలి. ఆంధ్ర రికార్డులకు దీన్ని వాడొద్దు, అక్కడ చుక్క తర్వాతవి సెంట్లు."

మా లీడ్ గారు "కోడ్ బాగుంది, కామెంట్ ఇంగ్లీషులోకి మార్చమ్మా" అన్నారు. చదివేవాళ్లం అందరం తెలుగువాళ్లమే కదండీ అంటే, "రేపు ఎవరొస్తారో మనకు తెలీదు కదా" అన్నారు.

నా బాధ ఏంటంటే, తప్పు పుట్టిందే ఇంగ్లీషులో. పాత కోడ్‌లో ఆ కాలమ్ పేరు 'ఏరియా'. పక్కన కామెంట్ 'ఏరియా ఇన్ ఏకర్స్'. అది రాసినాయనకు గుంటలు తెలీక కాదు, వాళ్లదీ వ్యవసాయ కుటుంబమే. ఇంగ్లీషులో రాయడానికి కూర్చునేసరికి గుంటలు జారిపోయాయి.

హోసూరు_రోడ్

మీ లీడ్ గారిదే సరైన మాట. పదిహేనేళ్లుగా బెంగళూరులో చేస్తున్నాను. మా టీములో ఒడియా, తమిళం, బెంగాలీ, మలయాళం అన్నీ ఉన్నాయి. ఎవరి భాషలో వాళ్లు రాసుకుంటే రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఫోన్ ఎత్తినవాడి గతి ఏంటి? వాడికి ఆ క్షణంలో కావలసింది ఆ కామెంటే.

లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. దాని మూలం జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్. 1999లో సన్ కంపెనీ కొని, 2000లో కోడ్ బయటపెట్టింది. రాసినవాళ్లు జర్మన్లు కాబట్టి కామెంట్లు జర్మన్‌లో ఉండిపోయాయి. వాళ్లూ "మేమందరం జర్మన్లమే కదా" అనే అనుకుని ఉంటారు. 2010లో ఆ కోడ్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయాక, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి ఆ కామెంట్లను ఇంగ్లీషులోకి మార్చుకుంటూ కూర్చున్నారు. కొత్త ఫీచర్ రాయాల్సిన చేతులు అనువాదం చేశాయి. తెలుగు మీద నాకు ప్రేమ లేక చెప్పడం లేదు. ఇంట్లో పిల్లలకు నేనే అక్షరాలు దిద్దించాను.

సాయంత్రం_ల్యాబ్

నేను పాలిటెక్నిక్‌లో ప్రోగ్రామింగ్ చెబుతాను. ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు. ల్యాబ్ రికార్డులో కామెంట్లు ఇంగ్లీషులోనే ఉండాలని నియమం. ఏం రాస్తారో తెలుసా? 'ఐ'కి ఒకటి కలిపే లైన్ పక్కన "ఐకి ఒకటి కలుపుతున్నాం" అని ఇంగ్లీషులో రాస్తారు. అది కోడ్ చూస్తేనే తెలుస్తుంది. ఎందుకు కలుపుతున్నాం అన్నది రాయరు. రాయాలంటే ఇంగ్లీషు వాక్యం కట్టాలి, అక్కడ భయం.

ఒక ఏడాది నేను ముందు తెలుగులో రాయించి, తర్వాత కోడ్ చేయించాను. బబుల్ సార్ట్ (అంకెలను వరుసలో పెట్టే ఒక పద్ధతి) దగ్గర ఒక అమ్మాయి "ప్రతి చుట్టుకీ పెద్దది చివరికి చేరుతుంది కాబట్టి వచ్చే చుట్టులో చివరి దాన్ని ముట్టుకోనక్కర్లేదు" అని రాసింది. లోపలి లూప్ ఎందుకు కురచవుతుందో అంతకంటే బాగా నేను చెప్పలేను. అదే అమ్మాయి అంతకుముందు ఇంగ్లీషులో "ఇన్నర్ లూప్" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంది.

హోసూరు రోడ్ గారూ, మీ టీముకు మీ మాట సరిపోతుంది. మునేరు గారి టీము ఏడుగురూ తెలుగువాళ్లు, సమస్య కూడా తెలుగు నేలదే.

గిట్_గుమస్తా

భావాల సంగతి మీరు తేల్చుకోండి, పనిముట్ల సంగతి నేను చెబుతాను. తెలుగు కామెంట్లతో రెండేళ్లు పని చేశాను, పడిన ఇబ్బందులన్నీ చేతిలో ఉన్నాయి.

ఫైల్ పేర్లు మాత్రం తెలుగులో పెట్టకండి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో స్టేటస్ కొడితే తెలుగు అక్షరాలకు బదులు బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అంటూ అంకెల వరుస వస్తుంది. అది మన అక్షరమే, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ఆ బైట్లను గిట్ అష్టాంశ సంఖ్యల్లో చూపిస్తోంది. 'కోర్ డాట్ కోట్‌పాత్' సెట్టింగును ఫాల్స్ చేస్తే తెలుగు కనిపిస్తుంది. కానీ టీములో ప్రతివాడి మెషీన్‌లోనూ చేయాలి. విండోస్‌లో గిట్ లాగ్ చూస్తే కమిట్ మెసేజ్ కూడా అలాగే పాడై కనిపించొచ్చు. అక్కడ 'లెస్ క్యార్‌సెట్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు యూటీఎఫ్-8 ఇవ్వాలి.

టెర్మినల్ ఇంకో తలనొప్పి. ప్రతి అక్షరానికీ సమానమైన గడి అని టెర్మినల్ అనుకుంటుంది. మన 'స్త్రీ' ఒక గడిలో ఎలా పడుతుంది? చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఎడిటర్‌లో పర్వాలేదు, చదవగలం. కాకపోతే కామెంట్లను నిలువుగా వరుసలో సర్దే అలవాటు ఉంటే మానుకోవాలి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది వెతకడం. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో 'ఫ్ట్' తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది, 'వ' ఒత్తుగా మారకుండా ఆపడానికి. ఒకరు అది పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. దానికి తోడు ఎకరం, యెకరం, ఎకరము. పైథాన్‌లో రెగెక్స్ (మాటలను నమూనాతో వెతికే పద్ధతి) రాసేవాళ్లకు ఇంకో మాట: అక్కడి మామూలు 'ఆర్ఈ' మాడ్యూల్‌లో, మాటలోని అక్షరాలను పట్టాల్సిన బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మన గుణింతాలను పట్టదు. 'తెలుగు' అని ఇస్తే త, ల, గ మూడు ముక్కలుగా వస్తుంది. విడిగా దొరికే 'రెగెక్స్' మాడ్యూల్ వాడాలి.

ఇవన్నీ చెప్పింది భయపెట్టడానికి కాదు. ఒక్కరోజు కూర్చుంటే అన్నీ సర్దుకోవచ్చు. కూర్చోవడానికి మీ టీము సిద్ధమేనా అన్నదే ప్రశ్న.

వంశధార

తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తే పోలేదా? మేం అలాగే చేస్తాం. కీబోర్డు మార్చే పని లేదు, టెర్మినల్ గొడవ లేదు.

గిట్_గుమస్తా

వంశధార గారూ, అది రెండిటికీ చెడినట్టు. 'గుంట'ను ఒకరు ఒక హెచ్‌తో రాస్తారు, ఒకరు లేకుండా రాస్తారు. 'పట్టాదారు'కు టీ ఒకటా రెండా, చివర యూ ఉండాలా వద్దా? మా ప్రాజెక్టులో నాలుగు రకాలు దొరికాయి. తెలుగు లిపిలో కనీసం ఆ మాటకు ఒక ఒప్పుకున్న రూపం ఉంది.

ఓరుగల్లు_లినక్స్

నేను ఇంకో అడుగు ముందుకు పోతా. కామెంట్లే కాదు, వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చు. పైథాన్ 3 మొదటి నుంచీ ఒప్పుకుంటుంది, దానికి పెప్ 3131 అని ఒక ప్రతిపాదనే ఉంది. 'విస్తీర్ణం' అని వేరియబుల్ పెట్టి చూడండి, నడుస్తుంది.

గో భాషలో మాత్రం నాకు చాలా కోపం వచ్చింది. అందులో పేరు అంటే అక్షరాలూ అంకెలూ అండర్‌స్కోరూ మాత్రమే. మన 'క' వాళ్ల లెక్కలో అక్షరమే. 'కా' రాస్తే ఆ దీర్ఘం అక్షరం కాదంట, అది వేరే జాతి గుర్తంట, కంపైల్ కాదు. గుణింతం లేకుండా తెలుగులో ఎన్ని మాటలు రాయగలం? యూనికోడ్ ఉందన్నంత మాత్రాన మన భాషకు చోటు దొరికినట్టు కాదని అప్పుడు అర్థమైంది. మనవాళ్లు వాడకపోతే వాళ్లకు ఈ సంగతి చెప్పేదెవరు?

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక్క అక్షరాల కూర్పు ఐఫోన్లలో యాప్‌లను కూల్చింది, గుర్తుందా? ఆపిల్ వారంలోపే 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అది తెలుగు అక్షరం తప్పు కాదు. మన లిపిని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు, అంతే.

హోసూరు_రోడ్

ఓరుగల్లు తమ్ముడూ, నీ ఆవేదన నాకు అర్థమవుతోంది. కానీ రుణాల లెక్క మీద ఆధారపడిన రైతు దగ్గర మనం ఆ పరీక్ష పెట్టకూడదు. భాషా ఉద్యమం వేరే రిపోజిటరీలో (కోడ్ దాచుకునే చోట) చేద్దాం, నేనూ వస్తాను.

సాయంత్రం ల్యాబ్ గారు చెప్పింది మాత్రం ఆలోచించాను. నేర్చుకునేటప్పుడు తెలుగు. కాదనను.

ఎడిసన్_తెలుగు

న్యూజెర్సీ నుంచి. నేను గతంలో భూమి రికార్డులకు సంబంధించిన ఒక పని చేశాను, కాబట్టి మునేరు గారి మొదటి పోస్టులో అందరూ దాటేసిన మాట ఒకటి పట్టుకుంటాను. "ఇంగ్లీషులో రాయడానికి కూర్చునేసరికి గుంటలు జారిపోయాయి."

మా దగ్గరా అదే జరిగింది. అప్పట్లో పహాణీలో పట్టాదారు ఒక కాలమ్, అనుభవదారు ఇంకో కాలమ్ ఉండేవి. పట్టా ఎవరి పేరున ఉందో వాళ్లు పట్టాదారు. భూమి ఎవరి స్వాధీనంలో ఉందో, ఎవరు సాగు చేసుకుంటున్నారో వాళ్లు అనుభవదారు. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు. మా వాళ్లు పట్టాదారును 'ఓనర్' అన్నారు, అనుభవదారును 'యూజర్' అన్నారు. ఆరు నెలల తర్వాత వచ్చిన కొత్త కుర్రాడు 'యూజర్' అంటే లాగిన్ అయిన మనిషి అనుకున్నాడు. ఒక రిపోర్టులో సాగు చేస్తున్న రైతు ఉండాల్సిన చోట డేటా ఎంట్రీ చేసినవారి పేరు వచ్చింది. ఆ కుర్రాడు తెలుగువాడే. 'అనుభవదారు' అని ఉంటే క్షణంలో గ్రహించేవాడు.

నా ఉద్దేశంలో వాక్యం ఇంగ్లీషులో ఉందా తెలుగులో ఉందా అన్నది రెండో సంగతి. పేరును అనువదించకూడదు. గుంట గుంటగానే, అనుభవదారు అనుభవదారుగానే ఉండాలి. ఒడియా మిత్రుడు వచ్చినా ఆ మాట నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే అది భాష కాదు, ఆ పని తాలూకు వస్తువు. క్రికెట్ సాఫ్ట్‌వేర్ రాసేవాడు 'వికెట్' అంటే ఏంటో నేర్చుకోడా?

వంశధార

ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఎవరికి కావలసిన భాషలో వాళ్లు చదువుకుంటారు. ఇంత చర్చ అవసరమా?

ఎడిసన్_తెలుగు

మా దగ్గర ఒకసారి అలా అనువదిస్తే గుంట కాస్తా గొయ్యి అయింది. ఎకరం పక్కన 35 గోతులు. చదివినవాళ్లకు తెలుగు రాదు, పట్టుకోలేకపోయారు. అందుకే అంటున్నాను, కనీసం ఆ మాటల పట్టిక ఒకటి మనిషి చేత్తో రాసినది ఉండాలి.

మునేరు_ఒడ్డు

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఎడిసన్ గారి పోస్టు మా లీడ్ గారికి చూపించాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని ఇలా చేశాం.

ఫంక్షన్ పేరులో 'ఏరియా' తీసేసి 'ఎకరం గుంట' పెట్టాం, ఇంగ్లీషు అక్షరాల్లోనే. వంశధార గారి పద్ధతే, కానీ గుమస్తా గారు చెప్పినట్టు స్పెల్లింగ్ ముందే ఒకటి ఖాయం చేసుకున్నాం. కామెంట్ ఇంగ్లీషులో రాశాను, అందులో గుంటలూ సెంట్లూ అలాగే ఉన్నాయి. రిపోజిటరీలో పదకోశం అని ఒక ఫైల్ పెట్టాం. పహాణీ, అడంగల్, పట్టాదారు, అనుభవదారు, ఖాతా, గుంట, సెంటు. ఒక్కోదానికి తెలుగులో వివరణ, కింద ఇంగ్లీషులో. తెలుగు ముందు ఉండాలని పట్టుబట్టాను, ఒప్పుకున్నారు. 1.25కి 1.25 కలిపితే 3.10 రావాలన్నది టెస్ట్ కేసుగా పెట్టాం. ఆ టెస్ట్ పైన నా తెలుగు కామెంట్ ఉన్నదున్నట్టు ఉంది. దాన్ని తీయమని ఆయన అడగలేదు.

నాకు పూర్తిగా తృప్తి లేదు. మొదట రాసిన నాలుగు వాక్యాలు ఫంక్షన్ పైనే ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తోంది.

హోసూరు_రోడ్

టెస్ట్ పైన ఉన్నది కూడా ఇంగ్లీషులో ఉండాలనే నేనంటాను అమ్మా. కానీ ఆ పదకోశం ఆలోచన మా టీముకు పట్టుకెళ్తున్నాను. మాకు తమిళనాడు రికార్డులతో ఇలాంటి చిక్కే ఉంది.

పెన్నా_తీరం

ఆలస్యంగా చూశాను. మునేరు గారూ, మీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా ఇళ్ల స్థలాల వైపు వస్తే పదకోశంలో 'అంకణం' చేర్చండి. మా నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36. మాట ఒకటే, జిల్లా మారితే సగం. దీన్ని ఇంగ్లీషులో ఏమని రాస్తారో నాకైతే తోచడం లేదు.

మునేరు_ఒడ్డు

ఇప్పుడే చేర్చాను. పక్కన జిల్లా పేరు తప్పనిసరి అని రాశాను. 72, 36 రెండిటికీ టెస్టులు రేపు రాస్తాను.