ఫిలిబస్టర్: దోపిడీదారా, ద్రోహియా, ఉపన్యాసకుడా?

ఆకుపచ్చసిరా:
మిత్రులకు నమస్కారం. ఫిలిప్పీన్స్ రచయిత హోసే రిజాల్ 1887లో తన స్నేహితుడు బ్లూమెంట్రిట్‌కు రాసిన ఉత్తరంలోని ఒక ముక్కను తెలుగు చేయబోతే, అందులోని ఒక మాట కొన్నాళ్ళుగా నన్ను వెంటాడుతోంది. 'ఫిలిబుస్తెరో' అన్న ఆ స్పానిష్ మాటను తాను మొదటిసారి 1872లో విన్నాననీ, దాన్ని పలకవద్దని తండ్రి ఇంట్లో కట్టడి చేశాడనీ, రేపోమాపో ఉరికంబం ఎక్కబోయే దేశభక్తుడనో తలపొగరు మనిషనో దానికి అర్థం చెప్పుకోవచ్చుననీ ఆయన అన్నట్లు లీలగా గుర్తు. ఇంగ్లీషులో అదే ఫిలిబస్టర్, అంటే బిల్లును ఓటింగుకు రానీయకుండా అడ్డుకొనే ఎత్తుగడ; అమెరికా సెనేట్ వార్తల్లో దానికి మనం రాసుకొనే 'కాలయాపన'ను ఇక్కడ పెడితే నవ్వులపాలవుతాను. 'రాజద్రోహి' అంటే అర్థం కుదురుతుంది గాని, పదకొండేళ్ళయినా నిండని పిల్లవాడికి అర్థం తెలియకముందే వణుకు పుట్టించిన పరాయి మాట కాస్తా ఇంటి మాటైపోతుంది. మీరైతే ఏమంటారు?

సీమపంతులు:
మూలానికి వెళితే చిక్కు విడిపోతుంది. డచ్చివారి 'వ్రైబౌటర్' అంటే ఎవరి కొలువూ లేకుండా కొల్లగొట్టి బతికేవాడు. అదే ఫ్రెంచిలో ఫ్లిబుస్తియే, స్పానిష్‌లో ఫిలిబుస్తెరో అయింది. ఇందుకు మనకు సొంత అనుభవంలోంచి వచ్చిన మాటే ఉంది: పిండారీ, అంటే దండుగా వచ్చి ఊళ్ళు దోచేవాడు. 1816లో గుంటూరు సీమ మీద పడ్డవారిని తలచుకొంటే పిల్లలు ఎందుకు వణికేవారో వేరే చెప్పనక్కరలేదు. డచ్చి మాటలోని రకారం లకారంగా ఎలా మారిందని అడిగేవారికి 'రలయోరభేదః', అంటే ర, ల లకు భేదం లేదన్న ఒక్క సంస్కృత న్యాయం చాలు.

నిఘంటుప్రియ:
పంతులుగారూ, రకారాన్ని దాటించారు, బాగుంది. మరి ఆ సకారం ఎక్కడినుంచి వచ్చింది? డచ్చి మాటలో అది లేదు. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో కనిపించే 'ఫ్లిబ్యూటర్' రూపంలోనూ లేదు. ఫ్రెంచివారు అచ్చు దీర్ఘమని తెలపడానికి పలకని స్‌ను రాసేవారనీ, తరువాతివారు రాతను చూసి దాన్ని పలకసాగారనీ ఒక వాదం ఉంది, నాకు అదే నమ్మదగినదిగా తోస్తుంది. కంటికి మాత్రమే ఉద్దేశించిన అక్షరం నోటికి ఎక్కి, చివరకు అమెరికా సెనేట్‌లో కూర్చుందన్నమాట. ఇక లకారానికి సంస్కృత న్యాయం అవసరమే లేదు. 'ఫ్లైబోట్' అనే చిన్న ఓడ పేరు దీనితో కలగలిసిందని చెప్పినవారున్నారు.

సీమపంతులు:
ఓడ కథ నాకూ తెలుసునమ్మా. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపడం నాకు రుచించదు. ఫ్లి కాస్తా 'ఫిలి' కావడం మాత్రం మన నోట గ్లాసు గలాసు అయినట్లే జరిగింది.

నిఘంటుప్రియ:
అలా అయితే స్పానిష్‌లో పువ్వును 'ఫ్లోర్' అని హాయిగా పలుకుతారు కదా, దాన్ని ఎవరూ 'ఫిలోర్' అనలేదేం?

డల్లాస్ మామయ్య:
అసలు మలుపు మీరిద్దరూ వదిలేశారు. 1850లలో క్యూబా, నికరాగువాల మీదికి సొంత దండుతో వెళ్ళిన అమెరికన్లను ఫిలిబస్టర్లనేవారు. వారిలో విలియం వాకర్ 1856లో నికరాగువాకు తానే అధ్యక్షుణ్ణని ప్రకటించుకొన్నాడు, 1860లో హోండూరస్‌లో తుపాకి గుండ్లకు బలయ్యాడు. 1853లో మిసిసిపీ ప్రతినిధి ఆల్బర్ట్ బ్రౌన్, క్యూబా దండయాత్రలను ఖండించిన తన పక్షంవాడినే ఉద్దేశించి, అతడు అమెరికా మీద ఫిలిబస్టర్ చేస్తున్నట్లు తనకు తోచిందని ప్రతినిధుల సభలో ఎత్తిపొడిచాడు. చట్టసభకు సంబంధించి ఈ క్రియకు మొదటి ప్రయోగంగా దీన్నే చూపుతారు. ఇందులో సాగదీత ఎక్కడుందో చెప్పండి! ఆయన అన్నది దాడి అనే అర్థంలోనే. సుదీర్ఘోపన్యాసమన్న అర్థం తరువాత అంటుకొన్నది.

నిఘంటుప్రియ:
అయితే దాన్ని మొదటి ప్రయోగమని లెక్కించడమే తప్పు కాదా? సభలో పలికిన మాట వేరు, సభా తంత్రానికి పెట్టిన పేరు వేరు. తంత్రమైతే రోమ్ నాటిదే. పొద్దుగుంకేవరకు మాట్లాడి అక్కడి సెనేట్ సభ్యుడు కేటో, సీజర్ కోరికను అడ్డుకొన్నాడు. అక్కడివారు దీన్ని 'మాటలతో పగటిని హరించడం' అనేవారు. ఈ పలుకుబడిని తెలుగులో పెట్టుకొంటే 'కాలయాపన' కన్నా ఎంత బాగుంటుంది!

డల్లాస్ మామయ్య:
బాగానే ఉంటుంది గాని, ఇప్పుడు పగటిని హరించనక్కరలేదు. 1957లో సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. 1970ల తొలినాళ్ళలో రెండు పట్టాల పద్ధతి వచ్చాక, ఒక బిల్లు ఆగి ఉండగా మిగతా పనులు సాగిపోతున్నాయి. 1975 నుంచి చర్చను ముగించడానికి సాధారణంగా 60 ఓట్లు కావాలి, అవి లేవని తేలితే చాలు, ఎవరూ నోరు విప్పకుండానే బిల్లు ఆగుతుంది. అందుచేత 'సుదీర్ఘోపన్యాసం' కూడా తప్పే.

సీమపంతులు:
ఉపన్యాసమూ లేదు, ఓడా లేదు, మిగిలింది దారి కాచి ఆపడమే. నా పిండారీయే నిలిచింది!

ఆకుపచ్చసిరా:
పంతులుగారూ, పిండారీని ఎవరూ దేశభక్తుడనరు, చిక్కంతా అక్కడే ఉంది. 1872 ఫిబ్రవరిలో మనీలాలో మరణశిక్షకు గురైన ముగ్గురు మతగురువులకు రిజాల్ 1891లో ఒక నవలను అంకితమిచ్చి, దాని పేరులోనే ఈ మాటను పెట్టుకొన్నాడు. పాలకుడు తిట్టుగా విసిరినదాన్ని తన పుస్తకానికి నుదుటి బొట్టు చేసుకొన్నాడాయన. 1912లో ఇంగ్లీషు అనువాదకుడు డెర్బీషైర్ మాత్రం ఆ మాటతో పెనుగులాడలేక 'దురాశ రాజ్యం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు.

సీమపంతులు:
నిఘంటుప్రియా, మీ సకారం మాటకు మళ్ళీ వద్దాం. స్పానిష్‌లో ఆ సకారం స్పష్టంగా పలుకుతుంది. 'స్పానిష్‌వారే ముందు చేర్చారు, ఫ్రెంచివారు తరువాత అందుకొన్నారు' అని నేనంటే మీ పలకని అక్షరం ఏమవుతుంది?

నిఘంటుప్రియ:
ముందు అనడానికి తేదీ కావాలి పంతులుగారూ. ఫ్రెంచి రూపం కన్నా పాతదైన స్పానిష్ ప్రయోగం ఒక్కటి చూపండి, వెంటనే ఒప్పుకొంటాను.