పోలీసు కథను నిందితుడి ఒప్పుకోలుతో ముగించవచ్చునా?

కథలపెట్టె:
ఈ మధ్య వరుసగా చదివిన పోలీసు పరిశోధన కథల్లో చాలావాటికి ముగింపు ఒకటే. ఎస్సై రెండు ప్రశ్నలు వేయగానే, లేదా ఒక లెంపకాయ కొట్టగానే, నిందితుడు జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడిపై రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షనులోనే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 23వ సెక్షనుగా ఆ నియమం కొనసాగుతోంది. కోర్టు గడప దాటలేని మాటతో ముగిసే కథను పరిశోధన కథ అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

సాగరతీరం:
నేను ఏకీభవించలేను. పాఠకుడు జడ్జి కాడు. పది పేజీల కథలో ఛార్జిషీటునూ వాయిదాలనూ ఇరికిస్తే మిగిలేది కేసు కట్టే గాని కథ కాదు. నేరం ఎందుకు జరిగిందో నిందితుడి నోటనే వినాలని పాఠకుడికి ఉంటుంది.

ప్లీడరు గుమాస్తా:
అయ్యా, ఆ నియమం కథకు అడ్డు కాదు, ఊతం. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై బ్రిటిష్ పాలనలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసును చూడండి. మాటువేసి కొట్టి చంపామనీ, ఈటెనూ తన కర్రనూ ఊళ్లో ఒకరి గడ్డివామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ నిందితుడు పోలీసులతో చెప్పాడు. 1946 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో ప్రివీ కౌన్సిల్ చంపిన సంగతి చెప్పిన భాగాన్ని పక్కన పెట్టి, దాచిన చోటు గురించిన మాటలను మాత్రమే సాక్ష్యంగా ఉంచింది. పాత చట్టం 27వ సెక్షను ప్రకారం, నిందితుడిచ్చిన సమాచారం వల్ల ఏది బయటపడిందో దానికి సూటిగా సంబంధించిన మాటే చెల్లుతుంది. అంటే వామిలో ఈటె ఉన్నట్టు అతనికి తెలుసునన్నంత వరకే రుజువైంది. ఆ ఈటెతో పొడిచినది ఎవరన్నది వేరే సాక్ష్యంతో తేల్చవలసిందే, పరిశోధకుడి అసలు పని అక్కడే మొదలవుతుంది.

కథలపెట్టె:
గడ్డివామి సంగతి నాకు తెలియదు. నేను చెప్పదలచినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సాగరతీరం:
గుమాస్తా గారూ, కొంతవరకు ఒప్పుకుంటున్నాను, అయితే మీ ఉదాహరణ నన్ను వేరే వైపు నడిపిస్తోంది. ఆ వామిలో ఈటెను పెట్టినది ఎవరన్న అనుమానం డిఫెన్సు లాయరుకు రాకుండా ఉంటుందా? ఈటె దొరికినప్పుడు సాక్షులుగా మధ్యవర్తుల నివేదికపై (పంచనామాపై) సంతకం చేసిన ఇద్దరూ బోనెక్కి, "స్టేషన్లోనే సంతకం పెట్టించుకున్నారు, మేము వామి దగ్గరికి వెళ్లనే లేదు" అని ఎదురు తిరిగితే, నిజం తెలిసిన ఎస్సై చేతిలో మిగిలేదేమిటి? కాబట్టి ఒప్పుకోలును కథలోంచి తీసేయమని నేను అనను. దాన్ని చివరి పేజీలోంచి తెచ్చి మొదటి పేజీలో పెట్టమంటాను.