కాప్రికా చూడాలంటే ముందు బాటిల్‌స్టార్ గెలాక్టికా చూసి తీరాలా?

కొత్తపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు మాఫియా కుటుంబాల కథలంటే ప్రాణం. అన్నదమ్ములు, పగలు, పెద్దాయన మాటకి ఎదురు చెప్పలేని ఇల్లు, ఇలాంటివి దొరికితే తెల్లారేదాకా కూర్చుని చూస్తాను. సైన్స్ ఫిక్షన్ మాత్రం అలవాటు లేదు. అంతరిక్ష నౌకలు కనబడితే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. ఆఫీసులో ఒక సీనియర్ 2010లో వచ్చిన ‘కాప్రికా’ అనే టీవీ సిరీస్ చూడమని పట్టుబడుతున్నారు. నీకు నచ్చే ముఠా కథ అందులోనే ఉంది అంటారాయన. తీరా వెతికితే అది బాటిల్‌స్టార్ గెలాక్టికాకి ముందు కథట. ఆ పెద్ద సిరీస్ నాలుగు సీజన్లూ చూస్తేగానీ ఇది అర్థం కాదా? పైగా ఒక్క సీజన్‌తో ఆపేశారట. కథ మధ్యలో వదిలేస్తే నాకు మహా చిరాకు. స్పాయిలర్లు లేకుండా చెప్పగలరా?

రాత్రి షిఫ్ట్:

తమ్ముడూ, నౌకల భయం పెట్టుకోకు. బాటిల్‌స్టార్‌లో మానవ గ్రహాలన్నీ నాశనమవుతాయి కదా, దానికి 58 ఏళ్ళ ముందు జరిగే కథ ఇది. అంతా ఊళ్ళోనే. కోట్లు, టోపీలు, పాతకాలపు కార్లు, వాటి పక్కనే మడత పెట్టుకునే కాగితంలాంటి కంప్యూటర్లు. సైఫై ఛానల్లో 2010 జనవరిలో మొదలై అక్టోబర్‌లో రద్దయింది. మిగిలిన ఐదు ఎపిసోడ్లు అమెరికాలో 2011 జనవరిలో ఒకే రోజున వేసేశారు. మొత్తం 18 ఎపిసోడ్లు. చివర్లో తర్వాత ఏమవుతుందో గబగబా చూపించి ముగించారు కాబట్టి నడిరోడ్డు మీద వదిలేసినట్టుండదు. మత సంస్థ, స్కూలు నడిపే సిస్టర్ క్లారిస్ గొడవ నాకైతే సాగదీసినట్టనిపించింది. ఓపిక పట్టు.

కాకినాడ ప్లీడరు:

కుర్రాడుగారూ, మీ సీనియర్ చెప్పింది నిజం. చాలామంది ఇది రోబోలు ఎలా పుట్టాయో చెప్పే కథ అనుకుని చూసి, నెమ్మదిగా ఉందని వదిలేశారు. నా మట్టుకు ఇది జోసెఫ్ అడామా కథ. నేను క్రిమినల్ కేసులు చూసే వకీలుని, అందుకే నా చూపు ముందు ఆయన మీద పడింది, కాదనను. కానీ రెండోసారి చూసినప్పుడు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

జోసెఫ్‌ది టారాన్ గ్రహం. అక్కడి అంతర్యుద్ధంలో అమ్మానాన్నలని పోగొట్టుకుని తమ్ముడు శామ్‌తో కాప్రికా అనే గ్రహానికి చేరాడు. కాప్రికావాళ్ళు టారాన్ జనాన్ని మట్టి తినేవాళ్ళని ఈసడిస్తారు. అలాంటి ఊళ్ళో దిక్కులేని పిల్లలని చేరదీసింది హలాతా అనే టారాన్ ముఠా. ఆ రుణం తీరేది కాదు. పెద్దయ్యాక అన్న లాయరయ్యాడు, తమ్ముడు కత్తి పట్టాడు. జడ్జీలకి కవర్లు చేర్చేది అన్న. మాట విననివాడి పని పట్టేది తమ్ముడు. ముఠా పెద్ద తలకాయని గ్వాట్రావ్ అంటారు, ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను చూసిన గుర్తు లేదు. ఇక శామ్. ఒంటినిండా పచ్చబొట్లు, మనిషిని చంపి ఇంటికొచ్చి అన్న కొడుకుని ముద్దు చేస్తాడు. అతనికి భర్త ఉన్నాడు, పేరు లారీ. ఇంట్లో దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు, అది మామూలు సంసారం అంతే. 2010లో టీవీలో ఒక ముఠా మనిషిని ఇలా రాయడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

కథ ఒక రైలులో బాంబు పేలడంతో మొదలవుతుంది. జోసెఫ్ భార్య, కూతురు టమారా అందులో పోతారు. కంప్యూటర్ కంపెనీ యజమాని డేనియల్ గ్రేస్టోన్ కూతురు జోయీ కూడా అదే రైలులో పోతుంది. డేనియల్ కనిపెట్టినదే హోలోబ్యాండ్, కళ్ళకి పెట్టుకుంటే వేరే లోకంలో ఉంటాం. జోయీ బతికుండగానే ఆ లోకంలో తనలాంటి ఇంకో జోయీని తయారుచేసి ఉంచింది. అది చూసిన తండ్రికి ఆశ పుడుతుంది. దాన్ని నిలబెట్టడానికి పోటీ కంపెనీ దగ్గరున్న ఒక చిప్ కావాలి. దొంగిలించి తెచ్చే మనుషులు ఎవరి దగ్గరున్నారు? జోసెఫ్ దగ్గర. బదులుగా నీ టమారాని కూడా తెచ్చిస్తానంటాడు డేనియల్. ముఠా కథా కంప్యూటర్ కథా కలిసేది ఇక్కడే. ఆడపిల్లని పోగొట్టుకున్న ఇద్దరు తండ్రుల బేరం అది.

ఒక్క సీను మాత్రం చెప్పనివ్వండి. మొదటి ఎపిసోడ్‌లోదే, మీకు పెద్దగా నష్టం లేదు. జోసెఫ్ హోలోబ్యాండ్ పెట్టుకుని లోపలికి వెళ్తాడు. కూతురు ఎదురుగా ఉంటుంది. దగ్గరికి తీసుకుంటాడు. ఆ పిల్ల సంతోషించదు, బెదిరిపోతుంది. ఏదో తేడాగా ఉందని, తన గుండె కొట్టుకోవడం లేదని తండ్రికి చెప్తుంది. ఆయన ఎంత ఓదార్చినా ఆ భయం ఆగదు. జోసెఫ్‌గా చేసిన ఎసాయి మొరాలెస్ ముఖం చూడండి అక్కడ. కోర్టులో ఎంతటి అబద్ధమైనా తొణక్కుండా చెప్పే మనిషి, ఆ పిల్లకి మాత్రం ఒక్క ఓదార్పు మాట అతికేలా చెప్పలేకపోతాడు. హోలోబ్యాండ్ పీకేసి బయటికొచ్చేస్తాడు. టమారా లోపలే ఉండిపోతుంది, తను చనిపోయిందన్న సంగతి తెలియకుండా.

ఆ తర్వాత ఆమె న్యూ క్యాప్ సిటీ అనే ఆటలో పడుతుంది. ఆకాశంలో పాతకాలపు విమానాలు, రంగులు వెలిసిన వీధులు, చేతిలో తుపాకీ లేనివాడు ఉండడు. ఆట ఎలా గెలవాలో ఆడేవాళ్ళకే తెలియదు. ఒకసారి చస్తే శాశ్వతంగా బయటికే, మళ్ళీ రానివ్వదు. టమారాకి మాత్రం వెనక్కి వెళ్ళడానికి ఒళ్ళంటూ లేదు కాబట్టి చావు లేదు. కాల్చినా రక్తం కారి గాయం మానిపోతుంది. బయట హలాతా నడిపే నేరాలు, లోపల ఈ పిల్ల చుట్టూ చేరే నేరాలు. ముఠా నీడలో పెరిగిన ఇంటి పిల్ల అక్కడ ఏమవుతుందో చూడండి. తండ్రి ఆమెని వెతుక్కుంటూ ఆ ఆటలోకి దిగే ఎపిసోడ్లు ఈ సిరీస్‌లో అన్నిటికన్నా బాగుంటాయి.

ఇక ఏది ముందు అన్నది. మీకు వీలైతే బాటిల్‌స్టార్ మూడో సీజన్ చివరిదాకా చూసి రండి. అందులో జోసెఫ్ ఎప్పుడో పోయిన తాతగారు. గొప్ప లాయరని పేరు, ఆయన చట్టం పుస్తకాలు మనవడికి అందుతాయి, ఆయన శిష్యుడొకడు కోర్టులో కేసు వాదిస్తాడు. ఆ గౌరవమంతా మనసులో పెట్టుకుని కాప్రికా తెరిస్తే ఆ పెద్దమనిషి జడ్జికి కవరు పంపుతూ కనబడతాడు. ఆ దెబ్బ తగలాలి. అంత తీరిక లేకపోతే నేరుగా ఇదే చూసేయండి, కథ అర్థం కాకపోవడం ఉండదు.

సిడ్నీ నుంచి సుధ:

ప్లీడరుగారు రాసింది బాగుంది గానీ ఒక్కటి ఒప్పుకోను. ఇది ఒక్క జోసెఫ్ కథ కాదండీ. జోయీ తల్లి అమాండా సంగతేంటి? తన కూతురే ఆ రైలు పేల్చివేతలో ఉందేమోనన్న అనుమానం వచ్చాక, బాధిత కుటుంబాలందరి ముందు ఆ మాట నోరు తెరిచి చెప్పేస్తుంది. ఊరంతా పగబడుతుంది. డేనియల్ కూతుర్ని తిరిగి తేవాలని చూస్తాడు, ఆమెకి తన కూతురు అసలు ఎవరో తెలుసుకోవాలని ఉంటుంది. నన్ను పట్టి కూర్చోబెట్టింది పౌలా మాల్కమ్‌సన్ చేసిన ఆ పాత్రే.

ఇంకో మాట. మొదటి ఎపిసోడ్‌లో ఆ రెండో జోయీ తను ఎలా తయారైందో చెప్తుంది: మెడికల్ రికార్డులు, స్కూల్ రికార్డులు, ఈమెయిళ్ళు, కొన్న సినిమా టికెట్లు, హోటల్ బిల్లులు, అన్నీ పోగేస్తే మనిషి. 2010లో ఊహ అనుకున్నాం. పోయినవాళ్ళ మెసేజ్‌లతో చాట్‌బాట్‌లు చేసి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు నిజంగానే ఉన్నారు. మా నాన్న వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటితో ఎవరైనా అలా చేసిస్తానంటే నేను వద్దంటాను, టమారా సీను చూశాను కాబట్టి.

కొత్తపేట కుర్రాడు:

అందరికీ థాంక్సండీ. ఆగలేక బాటిల్‌స్టార్ చూడకుండానే మొదలెట్టేశాను, మూడు ఎపిసోడ్లు అయ్యాయి. శామ్ నచ్చేశాడు. ఒక్క డౌట్. జోసెఫ్ మొదట అందరికీ ఆడమ్స్ అని చెప్పుకుంటాడు కదా, మొదటి ఎపిసోడ్ చివర్లో కొడుకు విల్లీకి మన అసలు పేరు అడామా అని చెప్తాడు. ఈ పిల్లాడేనా పెద్దయ్యాక బాటిల్‌స్టార్‌లో కమాండర్ అయ్యేది?

రాత్రి షిఫ్ట్:

ఎవరూ జవాబు చెప్పకండి!

కాకినాడ ప్లీడరు:

చెప్పనండీ. ఆ ప్రశ్న మీకు రావాలనే వాళ్ళు అలా రాశారు, అంతమట్టుకే అంటాను. పేరు మార్పు మీద మాత్రం ఒక మాట. టారాన్ పేరు వినగానే ఎదుటివాడి ముఖం మారుతుంది కాబట్టి ఆయన ఆడమ్స్ అయ్యాడు, కోర్టులో పని జరగాలి కదా. కూతురి ముఖంలో ఆ భయం చూసి వచ్చాకే కొడుక్కి అసలు పేరు చెప్పాడు, గమనించారా? దొంగ కూతురు వద్దనుకున్న మనిషికి దొంగ పేరు కూడా మోయబుద్ధి కాలేదు. అక్కడినుంచి విల్లీ బాబాయి శామ్ వెనకాల తిరగడం మొదలెడతాడు. స్కూలు ఎగ్గొట్టి ముఠా మనుషుల మధ్య కూర్చుంటాడు, అమ్మమ్మ రూత్ కూడా వారించదు. ఆ పిల్లాడి మీద ఓ కన్నేసి ఉంచండి.

‘దేర్ ఈజ్ అనదర్ స్కై’ అనే ఎపిసోడ్ వచ్చినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి. బయట టారాన్‌వాళ్ళు టమారాకి సంతాప కర్మ చేస్తుంటారు, అదే ఎపిసోడ్‌లో ఆటలో ఆ పిల్లకి తను ఏమిటో తెలుస్తుంది. అయ్యాక ఇక్కడ రాయండి, సుధగారితో నా వాదన ఇంకా తేలలేదు, మీ ఓటు కావాలి.

సిడ్నీ నుంచి సుధ:

ఓటు అప్పుడే వద్దు. ‘ఎండ్ ఆఫ్ లైన్’ కూడా చూశాక అడగండి. అమాండా గురించి అప్పుడు మాట్లాడదాం.