స్మార్ట్ మీటర్ డిస్‌ప్లే బదులు ఏది వాడొచ్చు?

మా స్మార్ట్ మీటర్‌తో వచ్చిన చిన్న డిస్‌ప్లేకి తరచూ సిగ్నల్ పోతోంది. మధ్యలో రెండు మందపాటి గోడలున్నాయి మరి. యాప్ ఉంది కానీ అందులో నిన్నటి లెక్కే కనిపిస్తుంది. నాకు కావలసింది ఇప్పటికిప్పుడు ఎన్ని వాట్లు కాలుతున్నాయన్నది. అందరూ పడుకున్నాక కూడా 300 వాట్ల దాకా లాగుతోంది, అదేంటో తేల్చాలి.

మెయిన్ ఫేజ్ వైరు చుట్టూ తగిలించే సీటీ క్లాంప్ ఒకటి చూశాను. మామూలు రకాలు కరెంటునే కొలుస్తాయి, వోల్టేజీని కాదు. అందుకే ఫ్రిజ్, మోటారు లాంటి వాటికి పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా వాట్లుగా లెక్కకొచ్చే వాటా) తక్కువగా ఉండటం వల్ల అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. వాడినవాళ్లకి తేడా ఎంత వచ్చింది?

ఇంకోటి, మీటర్ మీద మెరిసే ఎల్ఈడీని చదివే సెన్సర్. మా మీటర్ మీద యూనిట్‌కి 1000 పల్స్‌లు అని ఉంది, అంటే ఒక్కో మెరుపు ఒక వాట్ అవర్. లెక్క మీటర్‌దే కాబట్టి నాకు మనసు ఇటే లాగుతోంది. కానీ 300 వాట్ల దగ్గర 12 సెకన్లకో మెరుపే వస్తుంది. ఒక్కో స్విచ్ ఆపుతూ దొంగను పట్టుకోవడానికి ఇది సరిపోతుందా? మీటర్ పెట్టెలో ప్లగ్ పాయింట్ లేదు, బ్యాటరీతో నడిచేవి ఎన్నాళ్లొస్తాయి?

స్మార్ట్ ప్లగ్‌లు మాత్రం చెప్పకండి, నేరుగా వైరింగ్‌కి కలిపిన గీజర్‌కి అవి పనికిరావు.