బంతి ఎగురుతోంది, కానీ వణుకుతోంది. కాగితాలను కదలకుండా పట్టే పెగ్ బార్ (చిన్న మేకులున్న పట్టీ) కొంటే సరిపోతుందా?

నమస్కారం. చేతితో గీసే యానిమేషన్ మొదలుపెట్టి మూడు నెలలైంది. హెచ్‌బి, 2బి పెన్సిళ్లు, లేత నీలం పెన్సిల్, పల్చటి కాగితాలు, కింది నుంచి వెలుతురిచ్చే ఒక లైట్ బాక్స్ ఉన్నాయి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతున్నాను కాబట్టి సెకనుకు 12 బొమ్మలు గీస్తున్నాను.

ఎగిరిపడే బంతి దగ్గరే ఆగిపోయాను. నేలను తాకినప్పుడు బంతి అణిగినట్టు గీస్తున్నాను, వెడల్పు పెరిగిన మేరకు ఎత్తు తగ్గిస్తున్నాను. పైన బంతి నెమ్మదించే చోట బొమ్మలు దగ్గరదగ్గరగా, కింద దూరదూరంగా ఉంటున్నాయి. అయినా కాగితాలు వరుసగా తిప్పి చూస్తే బంతి సన్నగా వణుకుతోంది! నిన్న రెండు కాగితాలను వెలుతురు మీద పెట్టి చూశాను. ఆరో బొమ్మలోకంటే ఏడో బొమ్మలో నేల గీత గోరంత కిందికి జరిగి ఉంది. కాగితాలను టేపుతో అంటిస్తున్నాను, తప్పు అక్కడే ఉందని నా అనుమానం.

కాగితానికి రంధ్రాలు చేసి పెగ్ బార్‌కు తగిలిస్తే ఈ వణుకు పోతుందా? లేక మధ్య బొమ్మలు (రెండు ముఖ్యమైన బొమ్మల నడుమ వచ్చేవి) గీసే నా పద్ధతిలోనే లోపం ఉందా? బంతి వెళ్లే వంపును ముందుగా నీలం పెన్సిల్‌తో గీసుకుంటున్నాను, అది మాత్రం బాగా కుదురుతోంది. ఇంకొక సందేహం: గీత మణికట్టు నుంచి కాక భుజం నుంచి రావాలంటారు. రూపాయి బిళ్లంత బంతికి కూడా అలాగే గీయాలా?

టాబ్లెట్‌కు మారమని మాత్రం దయచేసి చెప్పకండి. ముందు కాగితం మీద చెయ్యి కుదరాలన్నది నా పట్టుదల.