బార్టన్ హాల్, 1977 మే 8: గొప్పది కచేరీనా, టేపా?

రెండోసెట్టు:
కొరివితో తల గోక్కోవడమేనని తెలుసు, అయినా అడుగుతున్నా. అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీల్లో ఏది గొప్పదంటే చాలామంది వెనకాముందూ చూడకుండా కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ పేరే చెప్తారు. ముప్పై ఏళ్లలో రెండు వేల పైచిలుకు కచేరీలు చేసిన బ్యాండ్ అది. ఆ ఒక్క రాత్రికే పట్టం ఎందుకు కట్టినట్టు?

నా అనుమానం, మనం పొగుడుతున్నది టేపుని. బ్యాండ్ రికార్డింగ్ ఇంజినీర్ బెట్టీ కాంటర్-జాక్సన్ ఈ కచేరీతో సహా సౌండ్‌బోర్డు (వేదిక మీది మైకులన్నీ కలిసే మిక్సింగ్ బల్ల) నుంచి చేసిన రికార్డింగులు అద్భుతం, కాదనను. ఆవిడ రీళ్లు చాలావరకు స్టోరేజీ లాకర్లో ఉండిపోయి, అద్దె కట్టక 1986లో వేలానికి వెళ్లాయి. అక్కణ్నుంచి కాపీల మీద కాపీలు. మిగతా కచేరీలు గరగరల క్యాసెట్లలో వింటూ, దీన్ని మాత్రం స్టూడియో ఆల్బమంత శుభ్రంగా వింటే ఏది గెలుస్తుంది?

టేపుపురుగు:
గురూ, ఆ లెక్క తేలదు. మే 5 న్యూ హేవెన్, 7 బోస్టన్, 9 బఫలో కూడా ఆవిడ రికార్డ్ చేసినవే. 2017లో నాలుగూ కలిపి ఒకే బాక్స్‌సెట్‌గా వచ్చాయి. శబ్దం అన్నిట్లోనూ బాగుంది. మరి మిగతా మూడింటికి ఈ పేరు రాలేదేం?

పైగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు, భద్రపరచదగ్గ రికార్డింగుల పట్టిక నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో, 2011 జాబితాలో, దీన్ని చేర్చారు.

రెండోసెట్టు:
రిజిస్ట్రీలో చేర్చేది రికార్డింగునే కదండీ! నా మాటే మీరు చెప్తున్నారు. ఇక బఫలో అంటారా, హెల్ప్ ఆన్ ది వే, స్లిప్‌నాట్, ఫ్రాంక్లిన్స్ టవర్ పాటలతో మొదలవుతుంది. ఆ మొదటి అరగంట ముందు కార్నెల్ మొదటి సెట్టు (విరామానికి ముందు భాగం) దిగదుడుపే.

ఎండలోవెనీటా:
అసలు 1977ని పట్టుకుని జామ్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) గురించి మాట్లాడటమే నాకు నవ్వొస్తుంది. ఆ ఏడాది టెర్రాపిన్ స్టేషన్ ఆల్బమ్ కోసం నిర్మాత కీత్ ఓల్సెన్ వాళ్లని కూర్చోబెట్టి రిహార్సల్ చేయించాడు. వాయింపు నున్నగా తయారైంది, ఒప్పుకుంటా. కానీ డార్క్ స్టార్ పాట ఆ ఏడాది ఒక్కసారైనా వాయించారా? 1972 ఆగస్టు 27, ఒరెగాన్‌లో వెనీటా కచేరీ, మాడ్చేసే ఎండ. అరగంట దాటిన డార్క్ స్టార్‌లో తర్వాతి నిమిషం ఎటు పోతుందో వాళ్లకే తెలీదు. జామ్ అంటే అది.

నాలుగోతీగ:
ఎటు పోతుందో తెలియకపోవడమే గొప్పతనమా? నేను బేస్ వాయిస్తాను, నా గోల నాది. బార్టన్ హాల్ రాత్రి రెండో సెట్టులో స్కార్లెట్ బిగోనియాస్ పాట నుంచి ఫైర్ ఆన్ ది మౌంటెన్‌లోకి మారే చోట వినండి. రెండూ కలిపి పాతిక నిమిషాల పైనే. పాట ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. ఫైర్‌లో ఉన్నవి రెండే కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుంపులు), బి, ఎ. గిటారు ఇంకా స్కార్లెట్‌లోనే తిరుగుతుంటే కింద బ్యాండ్ బేసిస్ట్ ఫిల్ లెష్ బేస్ మెల్లగా కొత్త ఊపులోకి జారుకుంటుంది. ఇద్దరు డ్రమ్మర్లు కంగారు పడరు. మేం ఇదే జారుడు నాలుగు నెలలు ప్రాక్టీస్ చేశాం. ప్రతిసారీ ఎవరో ఒకరు ముందే దూకేసేవాళ్లు. (ఎక్కువసార్లు నేనే.)

తర్వాత మార్నింగ్ డ్యూ పాట. గిటారిస్ట్ జెర్రీ గార్సియా సోలో దాదాపు నిశ్శబ్దంలోంచి మొదలెడతాడు. చివరికొచ్చేసరికి విడి స్వరాలు వదిలేసి, తీగలన్నీ కలిపి గబగబా మీటుతూ పైకి, ఇంకా పైకి తీసుకెళ్తాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్న చోట ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఇది బెట్టీ టేపు చేసిన మాయా?

ఎండలోవెనీటా:
డ్యూ జోలికి నేను రాను. దానికి మాత్రం దణ్ణం.

టేపుపురుగు:
రెండోసెట్టు గారూ, మీ వాదన తేలాలంటే ఒక దారుంది. అదే రాత్రి జనం మధ్య కూర్చుని మైకుతో పట్టిన టేపు కూడా తిరుగుతోంది. బెట్టీ లేదు, సౌండ్‌బోర్డు లేదు. అది విని చెప్పండి.

రెండోసెట్టు:
నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. మొదటి సెట్టు సగంలో రెండుసార్లు ఆపి ఫోన్ చూసుకున్నా, అబద్ధమెందుకు. స్కార్లెట్ నుంచి ఫైర్‌కి మారే చోటు కూడా సగం హాలు మోతలో కలిసిపోయినట్టే అనిపించింది. నాలుగోతీగ గారు చెప్పిన ఆ జారుడు పట్టుకోవాలంటే బెట్టీ టేపే కావాలి. అక్కడికి నా మాట నెగ్గినట్టే.

కానీ డ్యూ ఆఖర్లో చెయ్యి వాల్యూమ్ మీదే ఉండిపోయింది, తగ్గించలేదు, పెంచలేదు. అయిపోయాక వెనక్కి తిప్పి ఆ సోలో మళ్లీ విన్నా. బఫలో మొదటి అరగంటే మేలని ఇప్పటికీ అంటాను. డ్యూ ఒక్కటీ లెక్కలోంచి తీసేస్తే.

నాలుగోతీగ:
తీసేస్తే! భలేవారే.